మూసిన పెట్టెలో నేమున్నది? – గ్రాఫిక్స్ డాక్ విప్పి చూచిన వైనము

విజ్ఞానశాస్త్రము దినదినాభివృద్ధి చెందుచున్న ఈ కాలమున మన చేతిలోని యంత్రములు నానాటికి చిన్నవగుచున్నవి; వాని మూతలు మాత్రము నానాటికి గట్టిపడుచున్నవి. రేడియో వెనుకనున్న అట్టను తీసి వాల్వు మార్చు మనిషిని, భూతద్దమును కంటికి తగిలించుకొని గడియారమును విప్పు మనిషిని మన పెద్దలు ప్రతి బజారులోను చూచిరి. నేడు యంత్రము ఆగిపోయినచో ‘బోర్డు పోయినది’ అని ఒక మాట, ‘కొత్తది కొనుడు’ అని మరియొక మాట వినబడుచున్నవి. గడచిన విద్యా సంవత్సరమున మన కంప్యూటరు ప్రయోగశాలలోని ఒక పెట్టె విషయమున ఈ రెండు మాటలను మేమును వింటిమి. ఆ పెట్టె నిరుపయోగ వస్తువుల జాబితాలో చేరుటకు సిద్ధముగా నుండెను. దానిని విప్పి చూచిన క్రమమును, అందలి భాగముల పనితీరును విద్యార్థినీ విద్యార్థులకు వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

తెలుగు బోధించువారికి ఈ పనితో నేమి సంబంధమని కొందరు అడుగవచ్చును. మన వార్షిక సంచికల పాత ప్రతులు గ్రంథాలయపు బీరువాలో నున్నవి. ఒక వైపునుండి తెలుగు పుటలు, రెండవ వైపునుండి ఉర్దూ పుటలు సాగి నడుమ కలిసికొను ఆ సంచికల కాగితము పసుపుబారి, మడతల వద్ద విరుగుచున్నది. ఆ పుటలకు ఛాయాచిత్రములు తీసి, అక్షరములను యంత్రముచే చదివించు ప్రయత్నమును తెలుగు, ఉర్దూ, కంప్యూటరు శాఖలు కలిసి ప్రారంభించినవి. ఇది సులభమైన పని కాదు. తెలుగులో అక్షరము క్రింద ఒత్తు, పైన గుడి చేరి రూపము మారును. ఉర్దూ నస్తాలీఖు లిపిలో ఒకే అక్షరము పదాదియందు ఒక రూపమున, నడుమ మరియొక రూపమున, చివర వేరొక రూపమున నుండును. పదము కుడివైపు ఎత్తునుండి ఎడమవైపునకు వాలుగా దిగును. పాత ఉర్దూ పుటలు కాతిబుల చేవ్రాతనుండి అచ్చైనవి కావున, వ్రాయు చేయి మారినప్పుడెల్ల అక్షరపు ఒంపును మారును. ఇట్టి పుటలను చదువుట యంత్రమునకు నేర్పవలెనన్న కోట్లకొలది గుణకారములు, కూడికలు చేయవలెను. ల్యాప్‌టాప్ ఒంటరిగా ఒక రాత్రియంతయు చేయు పని, ఈ పెట్టెను తగిలించినచో మధ్యాహ్నపు రెండు పీరియడ్లలో ముగియుచుండెను. పెట్టె ఆగిపోయినది, పుటలు చదువుటయు ఆగిపోయినది. కావున దీనియందు మాకు సంబంధము కలదు.

డాక్ అనగా నేమి?

గ్రాఫిక్స్ కార్డు మొదట తెరపై బొమ్మలను చూపుటకు పుట్టిన పరికరము. సామాన్యమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా మొత్తము 20,73,600 చుక్కలు. ప్రతి చుక్కకు రంగు నిర్ణయించుటకు ఒకే విధమైన లెక్కను సెకనుకు అనేక పర్యాయములు చేయవలెను. కంప్యూటరులోని ప్రధానమైన చిప్పు కొద్దిమంది మహాపండితులున్న సభవంటిది. ఎట్టి చిక్కు సమస్యనైనను ఒకటి తరువాత ఒకటిగా పరిష్కరించును. గ్రాఫిక్స్ చిప్పు వేలమంది గుమాస్తాలున్న కార్యాలయమువంటిది. ఒక్కొక్కరికి తెలిసినది స్వల్పమే, కాని అందరును ఒకేసారి లెక్క వేయుదురు. 1999లో ఎన్‌విడియా సంస్థ జీఫోర్స్ 256 అను కార్డును విడుదల చేయుచు ‘జి.పి.యు.’ అను పేరును ప్రచారములోనికి తెచ్చినది. 2007లో అదే సంస్థ క్యూడా అను సాధనమును విడుదల చేయగా, బొమ్మలతో సంబంధము లేని లెక్కలను సైతము ఈ గుమాస్తాలకు అప్పగించుట సులభమైనది. అక్షరములను గుర్తించు లెక్కలును ఇట్టివే.

డెస్క్‌టాప్ కంప్యూటరులో ఈ కార్డు మదర్‌బోర్డుమీది పొడవైన గాడిలో గ్రుచ్చబడియుండును. పలుచని ల్యాప్‌టాపులో ఆ గాడికి చోటు లేదు. కార్డు కోరునంత విద్యుత్తు లేదు. పుట్టిన వేడి బయటికి పోవు మార్గమును లేదు. ఈ మూడు కొరతలను తీర్చుటకు కార్డును బయట వేరొక పెట్టెలో నుంచి, ఒక తీగతో ల్యాప్‌టాపునకు కలిపిరి. దీనినే బాహ్య గ్రాఫిక్స్ డాకింగ్ స్టేషన్, లేక క్లుప్తముగా డాక్ అందురు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 2007లోనే ఆసుస్ సంస్థ ఎక్స్.జి. స్టేషన్ అను పెట్టెను ప్రదర్శించినది. అయితే అది ల్యాప్‌టాపు ప్రక్కనుండు ఎక్స్‌ప్రెస్‌కార్డు రంధ్రముద్వారా పనిచేయవలసియుండుటచే మార్గము మిక్కిలి ఇరుకయ్యెను. ఇంటెల్ సంస్థ ఆపిల్ సహకారముతో రూపొందించిన థండర్‌బోల్ట్ 2011లో వచ్చినప్పుడు సెకనుకు 10 గిగాబిట్ల వేగము కలిగియుండెను. 2013లో వచ్చిన రెండవ తరమున అది 20, 2015లో ప్రకటింపబడిన మూడవ తరమున 40 అయినది. మూడవ తరముతో బాహ్య డాకులు నిజముగా ఆచరణయోగ్యములైనవి. 2023లో ప్రకటింపబడిన అయిదవ తరమున వేగము 80 గిగాబిట్లు.

మార్గము వెడల్పు

ఇచ్చట ఒక సందేహము కలుగును. బయట నుంచిన కార్డు లోపలనున్న కార్డువలెనే పనిచేయునా? చేయదు. డెస్క్‌టాపులోని కార్డు గాడికి 16 దారులుండును. మూడవ తరము పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ పద్ధతిలో ఒక్కొక్క దారి సెకనుకు సుమారు ఒక గిగాబైటు సమాచారమును చేరవేయును. అనగా మొత్తము 16 గిగాబైట్లకు కొంచెము తక్కువ. మూడవ తరము థండర్‌బోల్ట్ తీగలో డాకునకు లభించునవి నాలుగు దారులే. అనగా 4 గిగాబైట్లకు లోబడియే. డాకులోపలి గాడి చూచుటకు 16 దారుల పొడవున్నను, వానిలో సమాచారము నడచునవి నాలుగే.

దీనినిబట్టి డాకు నాలుగవ వంతు పనియే చేయునని భావింపరాదు. ఊరి బయటనున్న గోదామునకు ఇరుకు వంతెన మీదుగా సరకును ఒక్కసారి చేర్చినచో, పిదప లోపల కూలీలు చేయు పనికి వంతెనతో నిమిత్తము లేదు. మా పుటల చిత్రములు ఒకసారి కార్డు జ్ఞాపకశక్తిలోనికి చేరిన తరువాత లెక్క యంతయు అచ్చటనే జరుగును గనుక నష్టము స్వల్పము. ఆటలు ఆడుచు, కార్డు గీసిన ప్రతి బొమ్మను తిరిగి ల్యాప్‌టాపు తెరమీదికే రప్పించుకొన్నచో వంతెనపై రాకపోకలు హెచ్చి నష్టము అధికమగును. డాకునకే వేరుగా తెరను కలుపుకొనుట మేలని చెప్పుట ఇందులకే.

విప్పుటకు ముందు

హామీ కాలము ముగిసినదని కాగితములు చూచి నిర్ధారించుకొని, ప్రిన్సిపాలుగారి అనుమతి తీసికొని పని మొదలుపెట్టితిమి. ల్యాప్‌టాపును పూర్తిగా ఆపి, థండర్‌బోల్ట్ తీగను తీసి, గోడ ప్లగ్గును సైతము ఊడదీసి పదిహేను నిమిషములు ఆగితిమి. బల్లమీద పొడి గుడ్డ పరచి, మణికట్టునకు భూమితీగ గల పట్టీ కట్టుకొంటిమి. పొడిగాలి వీచు దినములలో మన దేహముమీద చేరు స్థిర విద్యుత్తు మనకు తెలియకయే చిప్పులకు హాని చేయగలదు.

ఒక తెల్ల కాగితముపై పెట్టె ఆకారమును గీసి, తీసిన ప్రతి స్క్రూను అది ఉన్న చోటనే అంటుటేపుతో అతికించు పద్ధతిని మా విద్యార్థినులలో ఒకరు సూచించిరి. ఒకే పెట్టెలో మూడు పొడవుల స్క్రూలున్నవి. పొడవైన దానిని పొట్టిదాని చోట బిగించినచో అది బోర్డును తాకును. ఆ కాగితమే తిరిగి బిగించునప్పుడు మాకు మార్గదర్శి అయినది.

విప్పిన క్రమము

వెనుకవైపు చేతితోనే త్రిప్పదగిన రెండు పెద్ద స్క్రూలు తీయగా పైకప్పు జారి వచ్చినది. అందులో కనబడినవి నాలుగే వస్తువులు: గ్రాఫిక్స్ కార్డు, అది గ్రుచ్చబడిన చిన్న బోర్డు, విద్యుత్తును సరఫరా చేయు ఎస్.ఎం.పి.ఎస్., పెట్టె ప్రక్కనున్న పెద్ద ఫ్యాను. ఇంతటి ఖరీదైన పెట్టెలో ఇంతేనా యని విద్యార్థులు ఆశ్చర్యపడిరి. ఆ ఆశ్చర్యమే మొదటి పాఠము.

మొదట కార్డునకు వచ్చు విద్యుత్తు తీగను తీసితిమి. దాని కొనయందలి కొక్కెమును నొక్కిపట్టి లాగవలెను. తీగను పట్టుకొని లాగరాదు. గాడిద్వారా కార్డునకు అత్యధికముగా 75 వాట్లు లభించును. అంతకు మించి కోరు కార్డులకు వేరు తీగలు కావలెను. ఆరు పిన్నుల తీగ 75 వాట్లను, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లను ఇచ్చునట్లు ప్రమాణము నిర్ణయింపబడినది. ఎనిమిది పిన్నుల తీగ ఒకటి గల మా కార్డునకు అందగల గరిష్ఠ శక్తి 225 వాట్లు.

పిదప కార్డును పైకి తీయబోయి మేము ఒక పొరపాటు చేసితిమి. గాడి చివర కార్డును పట్టియుంచు చిన్న ప్లాస్టిక్ కొక్కెము కలదు. దానిని వంచిన తరువాతనే కార్డును లేపవలెను. కార్డు నీడలో అది కనబడక పోవుటచే మేము బలముగా లాగితిమి. కొక్కెము ఫట్టుమని విరిగినది. కార్డునకు గాని గాడికి గాని హాని కలుగలేదు. ఐనను నేటికిని ఆ కార్డు వెనుకవైపు స్క్రూ ఆధారముననే నిలిచియున్నది. యంత్రము బలమును కోరినప్పుడు ఆగి, ఎచ్చట పట్టియున్నదో చూడవలెనను సూత్రమును ఈ విధముగా నేర్చితిమి.

కార్డు తీసిన పిదప బోర్డు స్పష్టముగా కనబడినది. అరచేయంత బోర్డు. దాని నడుమ చిన్న హీట్‌సింకు క్రింద థండర్‌బోల్ట్ కంట్రోలరు చిప్పు. తీగద్వారా వచ్చు సమాచారమును కార్డునకు అర్థమగు పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ రూపమునకు మార్చుట దాని పని. రెండు భాషల నడుమ కూర్చున్న దుబాసీవంటిది. దాని ప్రక్కన ఎనిమిది కాళ్ళ చిన్న జ్ఞాపక చిప్పు. దుబాసీ పాటింపవలసిన నియమములు అందులో వ్రాయబడి యుండును. మరికొన్ని చిప్పులు ల్యాప్‌టాపు బ్యాటరీని అదే తీగద్వారా ఛార్జి చేయు పనిని చూచుకొనును. బోర్డుమీద కాలిన మచ్చ గాని, ఉబ్బిన కెపాసిటరు గాని, చెడు వాసన గాని ఎచ్చటను లేదు.

దోషము ఎచ్చట?

మరమ్మతు కేంద్రమువారు పంపిన కాగితములో ‘బోర్డు పూర్తిగా చెడినది’ అని యుండెను. కాని పెట్టె నడవడి వేరొక కథ చెప్పుచుండెను. తగిలించిన వెంటనే ల్యాప్‌టాపు కార్డును గుర్తించును. లెక్క మొదలిడిన సుమారు పది నిమిషములకు పెట్టె యంతయు చీకటియగును. అరగంట ఆగిన మరల మామూలుగా లేచును. వేడెక్కి ఆగి, చల్లబడి లేచుచున్నదని దీనివలన ఊహింపవచ్చును. అయితే వేడెక్కునది ఏది? బోర్డుమీది చిప్పు కావచ్చును, ఎస్.ఎం.పి.ఎస్. కావచ్చును. ఊహ రుజువు కాదు.

కావున అన్నిటిని తిరిగి గ్రుచ్చి, పైకప్పు లేకుండగనే, చేతులు దూరముగా నుంచి పెట్టెను నడిపి చూచితిమి. పెద్ద ఫ్యాను తిరుగుచుండెను. కార్డుమీది ఫ్యానులును తిరుగుచుండెను. ఎస్.ఎం.పి.ఎస్. జాలీ వెనుకనున్న ఫ్యాను మాత్రము కదలలేదు. ఇంతమాత్రమున తీర్పు చెప్పరాదు. తక్కువ భారమున ఫ్యాను కావలెననియే ఆగియుండునట్లు కొన్ని ఎస్.ఎం.పి.ఎస్.లను తయారు చేయుదురు. లెక్క మొదలుపెట్టి భారమును పెంచితిమి. అప్పటికిని ఫ్యాను కదలలేదు. టార్చిలైటు వేసి చూడగా రెక్కల మొదట దుమ్ము దూదివలె పేరుకొని యుండెను. తొమ్మిదవ నిమిషమున పెట్టె ఆగిపోయినది.

తుది రుజువు కొరకు ఒక పాత డెస్క్‌టాపునుండి 450 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్.ను తీసి, పెట్టె ప్రక్కన బల్లమీద నుంచి, దాని తీగలను బోర్డునకు, కార్డునకు కలిపితిమి. అదే బోర్డు, అదే కార్డు, అదే లెక్క. రెండు గంటలు నిరాటంకముగా నడచినది. బోర్డు నిర్దోషియని తేలినది.

తాకరానిది

మరి ఆ ఎస్.ఎం.పి.ఎస్.ను విప్పి ఫ్యానును మార్చరాదా యని విద్యార్థులు అడిగిరి. వలదంటిమి. ఈ వ్యాసములో మిక్కిలి ముఖ్యమైన మాట ఇదియే కావున కొంచెము వివరింతుము. మన గోడనుండి వచ్చు ఏకాంతర విద్యుత్తు 230 వోల్టులు. దాని శిఖరము సుమారు 325 వోల్టులు. ఎస్.ఎం.పి.ఎస్. లోపల దీనిని ఏకముఖ విద్యుత్తుగా మార్చి పెద్ద కెపాసిటరులో నింపుదురు. నేటి నమూనాలు పెక్కింటిలో అచ్చట వోల్టేజి 380 మొదలు 400 వరకు నుండును. ప్లగ్గు తీసిన తరువాతను ఆ కెపాసిటరులో విద్యుత్తు కొంతకాలము నిలిచియుండవచ్చును. దానిని ఖాళీచేయు భాగము చెడియున్నచో మరింత కాలము నిలుచును. అది ప్రాణాపాయకరము. ఎస్.ఎం.పి.ఎస్. నుండి బయటికి వచ్చు తీగలలో 12 వోల్టులకు మించి లేదు. లోపల మృత్యువు కలదు. డాకును విప్పవచ్చును, డాకులోని ఆ రేకుడబ్బాను మాత్రము శిక్షణ పొందినవారు తప్ప ఎవరును విప్పరాదు. పూర్తిగా మార్చుటయే ఉచితము.

మార్చుటయందు ఒక చిక్కు వచ్చినది. సామాన్యముగా దుకాణములలో దొరకు ఏ.టి.ఎక్స్. పరిమాణపు ఎస్.ఎం.పి.ఎస్. వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు 86. మా పెట్టెలోనిది ఎస్.ఎఫ్.ఎక్స్. పరిమాణము, వెడల్పు 125, ఎత్తు 63.5 మిల్లీమీటర్లు. బల్లమీద ప్రక్కన నుంచి నడపిన పాతది లోపల పట్టదు. సికింద్రాబాదులోని చినాయ్ ట్రేడ్ సెంటరులో నాలుగైదు దుకాణములు తిరిగిన పిదప తగినది లభించినది. దాని వెల కొత్త డాకు వెలలో ఆరవ వంతునకు మించలేదు. బిగించుటకు ముందు మల్టీమీటరుతో 12 వోల్టుల తీగను పరీక్షించితిమి. 11.4 నుండి 12.6 వరకు నుండవచ్చునని ప్రమాణము; మాకు 12.1 కనబడినది. స్క్రూల కాగితమును చూచుకొనుచు బిగించితిమి. పెట్టె నాటినుండి నడచుచున్నది.

విద్యార్థులకు ఇంకొక చిన్న సూచన. తీగ చివర చూచి మోసపోరాదు. సెల్‌ఫోను ఛార్జింగు తీగ కొనయు, థండర్‌బోల్ట్ తీగ కొనయు ఒకే ఆకారమున నుండును. ఛార్జింగు తీగను తగిలించినచో డాకు గుర్తింపబడదు. థండర్‌బోల్ట్ తీగపై మెరుపు గుర్తు ఉండును. అట్లే ల్యాప్‌టాపునుండి సంకేతము రానిదే పెక్కు డాకులు లేవవు. ఒంటరిగా ప్లగ్గులో పెట్టి, చీకటిగా నున్నదని చెడినదిగా భావింపరాదు.

ముగింపు

కళాశాల కమిటీవారికి మా విన్నపములు మూడు. మొదటిది, ఏ యంత్రమునైనను నిరుపయోగ వస్తువుల జాబితాలో చేర్చుటకు ముందు, అపాయము లేని మేరకు, ఒక పీరియడు విద్యార్థుల ఎదుట దానిని విప్పి చూచుటకు అవకాశ మీయవలెను. రెండవది, కొత్త యంత్రములు కొనునప్పుడు బజారులో దొరకు పరిమాణపు భాగములున్న వానినే కోరవలెను. తమ పెట్టెకు తప్ప మరి దేనికిని సరిపడని సరఫరా గల డాకు, ఆ భాగము చెడిననాడు మొత్తము చెడినట్లే. మూడవది, మంచి స్క్రూడ్రైవర్ల పెట్టె, మల్టీమీటరు, భూమితీగ పట్టీ ప్రయోగశాలకు శాశ్వతముగా నుండవలెను. తీసివేసిన ఎస్.ఎం.పి.ఎస్.ను మేము చెత్తలో వేయక, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన ఇ-వ్యర్థముల నియమములననుసరించి, అనుమతి గల సంస్థకే అప్పగించితిమి.

పెట్టెను విప్పుట గొప్ప విద్య యని మేము చెప్పబోము. మేము మార్చినది ఒక్క భాగమును మాత్రమే. విరిచినది ఒక కొక్కెమును. కాని ‘పోయినది’ అను మాటను రుజువు లేకుండ అంగీకరింపకుండుట విద్యయే. మన తెలుగువారు నిత్యము వాడు ‘మరమ్మతు’ అను మాట అరబ్బీలో పుట్టి, ఉర్దూలో పెరిగి, తెలుగింటికి వచ్చి మనదైనది. రెండు భాషలకును ఉమ్మడియైన ఆ మాటను మన కళాశాల తరతరములు నిలుపుకొనునని ఆశించుచున్నాము. బీరువాలోని పాత సంచికలలో సగము పుటలు ఇప్పటికి చదువబడినవి. తక్కిన సగము, కాగితము విరిగిపోకముందే, ఈ సంవత్సరము చదువబడవలసియున్నది. ఈ పనిలో పాల్గొనగోరు విద్యార్థినీ విద్యార్థులు శనివారము మధ్యాహ్నము ప్రయోగశాలకు రావలసినదిగా కోరుచున్నాము.